ప్రాక్టీసులో పడే సర్వీసు 18-18 దగ్గర నెట్టుకి ఎందుకు తగులుతుంది?

ప్రశ్న (రాజమండ్రి నుంచి ఒక తండ్రి అడిగింది): మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఆరేళ్ళుగా షటిల్ ఆడుతోంది, సింగిల్స్, డబుల్స్ రెండూ. అకాడమీలో తనకంటే పెద్దవాళ్ళని కూడా ఓడిస్తుంది. టోర్నమెంటులో మాత్రం స్కోరు 17, 18 దాకా బాగానే వెళ్ళి, అక్కడ షార్ట్ సర్వీసు నెట్టుకి కొడుతుంది, లేదా ఎత్తుగా లేపేస్తుంది. "టెన్షన్ పడకమ్మా" అని ఎంత చెప్పినా లాభం లేదు. తనకి మానసిక బలం తక్కువా? యోగా, ధ్యానం లాంటివి చేయించాలా?

సమాధానం:

మీ ప్రశ్న చదవగానే నా బొటనవేలు గుర్తొచ్చిందండీ. 1990ల్లో ఒక ఇంటర్ యూనివర్సిటీ డబుల్స్ మ్యాచి. అప్పట్లో సెట్టుకి ఇప్పటిలా 21 కాదు, 15 పాయింట్లు, సర్వీసు ఉన్నవాళ్ళకే పాయింటు. మూడో సెట్టులో 14-9 మీద ఉన్నాం, సర్వీసు నాది. ఒక్క పాయింటు చాలు. భయం వేసినట్టు నాకు గుర్తు లేదు. ఈకల కొస పట్టుకుని షటిల్ ముందుకి పెట్టాక, గ్రిప్పు మీద బొటనవేలు సరిగ్గా ఉందా లేదా అని చూసుకోవడం మాత్రం బాగా గుర్తుంది. అంతకుముందు ఎనిమిదేళ్ళలో ఏనాడూ చూసుకున్న పాపాన పోలేదు. ఆ రోజు చూసుకున్నాను, కాస్త పైకి జరిపాను. షటిల్ నెట్టు పట్టీకి తగిలి మా వైపే పడింది. మళ్ళీ సర్వీసు వచ్చింది, మళ్ళీ వేలు సర్దాను. 14-14 అయింది, మూడు పాయింట్లకి సెట్ చేశాం (అంటే ముందు ఇంకో మూడు తెచ్చుకున్నవాళ్ళదే గెలుపు), 15-17తో ఓడిపోయాం. నా పార్ట్‌నర్ హాస్టల్ దాకా ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఇప్పుడు ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి నేర్పిస్తున్నాను. మీ అమ్మాయి లాంటివాళ్ళు ఏడాదికి ఇద్దరు ముగ్గురు తగులుతారు. వాళ్ళలో పిరికివాళ్ళు చాలా తక్కువ. ఎక్కువమంది చేసేది ఆ రోజు నేను చేసిన పనే: సరిగ్గా ఆ క్షణంలో తమ చేతికి తామే కాపలా కాయడం.

మీ ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గు వేసేటప్పుడు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారా? పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నగా జారుతుంటుంది, వాళ్ళు పక్కింటావిడతో పాలవాడి గురించి మాట్లాడుతుంటారు, గీత ఎక్కడా తెగదు. అదే మనిషిని సంక్రాంతి ముగ్గుల పోటీలో కూర్చోబెట్టి, ఎదురుగా సెల్‌ఫోన్ కెమెరా పెట్టి చూడండి. ఒకచోట లావు, ఒకచోట ఖాళీ. పిండీ అదే, వేళ్ళూ అవే. ఇంటి ముందు వేళ్ళు తమ పని తాము చేసుకుపోయాయి. పోటీలో మనసు వచ్చి వాటి మీద పెత్తనం చేసింది.

ఆటలో దీన్ని చోకింగ్ అంటారు. దీని మీద సియాన్ బైలాక్, థామస్ కార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా పని చేశారు. బైలాక్ బృందం 2002లో ఒక ప్రయోగం ప్రచురించింది. అనుభవమున్న ఫుట్‌బాల్ ఆటగాళ్ళని కోన్‌ల మధ్య బంతిని నడిపించమన్నారు. "బంతికి పాదంలో ఏ వైపు తగులుతోందో గమనిస్తూ ఉండు" అనగానే వాళ్ళ వేగం తగ్గింది. పాదాన్ని వదిలేసి చెవిన పడే మాటల మీద ధ్యాస పెట్టమన్నప్పుడు హాయిగా నడిపారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇది తిరగబడింది, పాదాన్ని గమనిస్తేనే వాళ్ళకి బాగా వచ్చింది. ఇక్కడ తండ్రులు పట్టుకోవలసిన సంగతి ఒకటుంది. మీ అమ్మాయి కొత్తగా నేర్చుకునేటప్పుడు "మణికట్టు చూసుకో, ర్యాకెట్ తల కిందికి ఉంచు" అని చెప్పడం సరైనదే. ఆరేళ్ళ తర్వాత 18-18 దగ్గర గ్యాలరీ నుంచి అదే మాట అరిస్తే ఆమెని తొలి ఏడాదికి వెనక్కి పంపినట్టే.

దీనికి శరీరం కూడా తోడవుతుంది. ఒత్తిడిలో గుండె వేగం పెరుగుతుంది, అరచేయి చెమర్చి చల్లబడుతుంది, ముంజేతిలో ముడిచే కండరాలూ చాచే కండరాలూ రెండూ ఒకేసారి బిగుస్తాయి. షార్ట్ సర్వీసు సంగతి మీకు తెలియనిది కాదు. కొట్టే క్షణంలో షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల లోపే ఉండాలి, నెట్టు మధ్యలో 1.524 మీటర్లు. అంటే కింది నుంచి ఎక్కించి, పట్టీని రాసుకుంటూ దాటించి, 1.98 మీటర్ల దూరంలో ఉన్న గీత అవతల దించాలి. స్మాష్‌లో చేయి కాస్త బిగిసినా బలంతో నెట్టుకురావచ్చు. సర్వీసులో ఆ వెసులుబాటు లేదు. గ్రిప్పు పిసికితే మణికట్టు కర్రలా అవుతుంది, షటిల్ పట్టీకి తగులుతుంది. దానికి భయపడి తర్వాతది తోస్తే పైకి లేస్తుంది, అవతలమ్మాయి దాన్ని బలంగా కొట్టి పాయింటు తీసుకుంటుంది. మీరు రాసిన రెండు తప్పులూ ఒకే చేతి బిగువు నుంచి వచ్చినవి.

అందుకే "టెన్షన్ పడకు" పనిచేయదు. నిజానికి అది చెడ్డ సలహా. అమెరికన్ రైఫిల్ షూటర్ మాథ్యూ ఎమన్స్ కథ మా పిల్లలందరికీ చెబుతుంటాను. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 50 మీటర్ల త్రీ పొజిషన్స్ (పడుకుని, మోకాలి మీద, నిలబడి కాల్చే పోటీ) ఫైనల్. అప్పటికే అదే ఒలింపిక్స్‌లో ప్రోన్ (పడుకుని మాత్రమే కాల్చే) విభాగంలో స్వర్ణం కొట్టి ఉన్నాడు. ఇక్కడా చివరి గుండు దాకా మూడు పాయింట్ల ఆధిక్యం. ఓ మోస్తరుగా కొట్టినా స్వర్ణమే. గురి చూసి కాల్చాడు, గుండు చక్కగా తగిలింది. పక్కవాడి లక్ష్యానికి! సున్నా ఇచ్చారు, ఎనిమిదో స్థానానికి పడిపోయాడు. ఎప్పుడూ స్కోప్‌లోంచి ముందు లక్ష్యం మీదున్న నంబరు చూసి, అక్కడి నుంచి కిందికి దిగేవాడట. ఆ ఒక్కసారి తనని తాను శాంతపరచుకునే పనిలో పడి నంబరు చూడలేదని తర్వాత తనే చెప్పాడు. టెన్షన్ తగ్గించుకోవడం కూడా ఒక పనే, ఆ పని అసలు పనిలోంచి ధ్యాస లాక్కుంటుంది. 2008 బీజింగ్‌లో ఇదే పోటీలో చివరి గుండుకి 4.4 పాయింట్లే కొట్టి మళ్ళీ స్వర్ణం పోగొట్టుకున్నాడు, నాలుగో స్థానం. 2012 లండన్‌లో కాంస్యం తెచ్చుకున్నాడు. (ఏథెన్స్‌లో ఆ రోజు ఓదార్చడానికి వచ్చిన చెక్ షూటర్ కతెరీనాని 2007లో పెళ్ళి చేసుకున్నాడు. ఈ ముక్క చెప్పకపోతే మా పిల్లలు ఊరుకోరు.)

ఇక మీ అమ్మాయి విషయం. నేనైతే ముందు ఒక నోటుపుస్తకం కొంటాను. వచ్చే పది మ్యాచిల్లో తను చేసిన ప్రతి తప్పూ, అప్పటి స్కోరూ, అది ఎన్నో సెట్టో రాయండి. ఎందుకంటే బయటికి మనసు జబ్బులా కనిపించేవాటిలో చాలావరకు కాళ్ళ జబ్బులు. మూడో సెట్టు 18 దగ్గర మాత్రమే తప్పులు వస్తుంటే అది దమ్ము చాలకపోవడం: కాలు అర అడుగు ఆలస్యంగా చేరుతుంది, చేయి సాచి కొడుతుంది, షటిల్ నెట్టుకి తగులుతుంది. దానికి ధ్యానం కాదు, పొద్దున్నే పరుగు కావాలి. మొదటి సెట్టు 18 దగ్గర కూడా, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడే తప్పులు వస్తుంటే అప్పుడు మనం మాట్లాడుకుంటున్న విషయం. ఇంకొకటి, అకాడమీలో ఈకలు విరిగిన పాత షటిళ్ళతో సర్వీసు చేయిస్తున్నారేమో చూడండి. టోర్నమెంటులో డబ్బాలోంచి తీసిన కొత్త షటిల్ వేరేలా పోతుంది. ఒక అబ్బాయి విషయంలో ఏడాదిపాటు ఏకాగ్రత గురించి ఉపన్యాసాలు ఇచ్చాక నాకీ సంగతి తట్టింది. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సరే, ఒత్తిడే కారణమని తేలిందనుకుందాం. మందు ప్రాక్టీసులోనే ఉంది. బైలాక్, కార్ 2001లో గోల్ఫ్ పుట్టింగ్ (బంతిని మెల్లగా గుంటలోకి నెట్టే దెబ్బ) మీద చేసిన పరిశోధన నా కోచింగ్ పద్ధతినే మార్చింది. ఒక గుంపుని మామూలుగా ప్రాక్టీసు చేయనిచ్చారు. ఇంకో గుంపుకి ఎదురుగా వీడియో కెమెరా పెట్టి, గోల్ఫ్ కోచ్‌లు దీన్ని చూస్తారని చెప్పారు. తర్వాత అందరికీ డబ్బు పందెం పెట్టి ఒత్తిడి తెచ్చారు. మామూలుగా నేర్చుకున్నవాళ్ళ ఆట దిగింది. కెమెరా ముందు నేర్చుకున్నవాళ్ళది దిగలేదు. ఎవరో చూస్తున్నారన్న ఇబ్బందికి అప్పటికే అలవాటు పడిపోయారన్నమాట.

మన అకాడమీల్లో సర్వీసు ప్రాక్టీసు ఎలా ఉంటుంది? పక్కన షటిళ్ళ గుట్ట, వరసగా యాభై. మొదటి ఐదు పాడైనా ఆరో దానికి చేయి సర్దుకుంటుంది, చివరి ముప్ఫై అద్భుతంగా పడతాయి, తండ్రి సంతోషంగా ఇంటికి వెళ్తాడు. మ్యాచిలో యాభై సర్వీసులు వరసగా చేసే అవకాశం ఎవరిస్తారు? అక్కడ ముప్ఫై షాట్ల ర్యాలీ పరిగెత్తి, ఆయాసపడుతూ వచ్చి, ఒకే ఒక్కటి చేయాలి. అది పాడైతే పాయింటు అవతలివాళ్ళది. అందుకే మా దగ్గర రెండేళ్ళు దాటిన పిల్లలకి సర్వీసు గుట్ట ఉండదు. కోర్టు నాలుగు మూలలకీ షాడో ఫుట్‌వర్క్ (షటిల్ లేకుండా ఉత్త పరుగు, అడుగులు) చేయించి, ఆయాసం తీరకముందే ఒక్క సర్వీసు. మళ్ళీ పరుగు, మళ్ళీ ఒక్కటి. రోజుకి పదిహేను చాలు.

వారానికి రెండు రోజులు ఆటంతా 17-17 నుంచే మొదలు. అంపైర్ కుర్చీలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి స్కోరు గట్టిగా చెప్పిస్తాను, ఎందుకంటే చాలామంది పిల్లలకి అసలు చెయ్యి బిగిసేది ఆ పిలుపు వినగానే. ఓడినవాళ్ళు ఆ సాయంత్రం హాలంతా షటిళ్ళు ఏరాలి. ఒక్కోసారి పక్క బ్యాచి పిల్లలందరినీ ఆపి గీత వెంబడి నిలబెడతాను. అరవక్కర్లేదు, ఊరికే చూస్తూ నిలబడితే చాలు, ఆ నిశ్శబ్దమే పెద్ద గ్యాలరీ. మొదట్లో మీ అమ్మాయి ఇక్కడ కూడా నెట్టుకే కొడుతుంది. కొట్టనివ్వండి. అక్కడ పాడవకపోతే ఆ ప్రాక్టీసుకి అర్థం లేదు. మా దగ్గర మార్పు కనిపించడానికి మూడు నాలుగు నెలలు పట్టింది, కొందరికి ఇంకా ఎక్కువ.

రెండో విషయం తొందర. గైర్ యోర్డెట్ అనే నార్వే పరిశోధకుడు ఫుట్‌బాల్ పెద్ద టోర్నీల పెనాల్టీ షూటౌట్లని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. ఈ కిక్ పడితే మనం గెలిచేశాం అన్నప్పుడు 92 శాతం గోల్ అయ్యాయి. ఈ కిక్ పోతే మనం ఓడిపోయాం అన్నప్పుడు 62 శాతమే. బంతి అదే, దూరం అదే. ఇంకా, రిఫరీ ఈల వేయగానే గబగబా తన్నేసినవాళ్ళు ఎక్కువగా పోగొట్టారని కూడా తేల్చాడు. ఆ క్షణం భరించలేక త్వరగా అయిపోతే చాలనుకోవడం అది. మీ అమ్మాయి మ్యాచి వీడియో ఉంటే గడియారం పెట్టుకుని చూడండి. 5-5 దగ్గర షటిల్ అందుకున్నాక సర్వీసుకి ఎన్ని సెకన్లు తీసుకుంది, 18-18 దగ్గర ఎన్ని? నేను చూసిన పిల్లల్లో ఎక్కువమంది స్కోరు పెరిగేకొద్దీ తొందరపడతారు. వాళ్ళకా సంగతి తెలియదు, వీడియో చూపిస్తే ఆశ్చర్యపోతారు.

దానికి విరుగుడు ఒక చిన్న వరస. తన వరస తనే పెట్టుకోవాలి, నేను ఇవ్వను. ఒకమ్మాయి ర్యాకెట్ తీగలు రెండు సర్ది, ఊపిరి నెమ్మదిగా వదిలి, అవతలి కోర్టులో షటిల్ పడాల్సిన చోటు ఒకసారి చూసి, అప్పుడు సర్వీసు చేస్తుంది. ఊపిరి పీల్చడం కంటే వదలడం నిదానంగా ఉండాలి, గుండె వేగం దిగేది అప్పుడే. మీరడిగిన యోగా ఇక్కడ ఉపయోగపడుతుంది, కాబట్టి మానిపించకండి. కానీ ముఖ్యమైనది చివరి చూపు. కన్ను షటిల్ పడే చోట ఉంటే మనసు బొటనవేలి మీదికి రాదు. ఈ వరస 2-1 దగ్గర కూడా అచ్చం ఇలాగే చేయాలి. 18 వచ్చాక మొదలుపెడితే అదే "ఇది పెద్ద పాయింటు" అని గంట కొట్టి చెప్పినట్టు అవుతుంది. మరీ సాగదీస్తే అంపైర్ ఊరుకోడు, అదొకటి గుర్తుంచుకోండి.

మాట మార్చడం కూడా కొంత పనిచేస్తుంది. హార్వర్డ్‌లో అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో చూపించినదేమిటంటే, పదిమంది ముందు పాడే ముందు, మాట్లాడే ముందు "ప్రశాంతంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళకంటే "ఉత్సాహంగా ఉన్నాను" అనుకున్నవాళ్ళు బాగా చేశారు. దడదడలాడే గుండెని ప్రశాంతం అని నమ్మించడం కష్టం. హుషారు అని నమ్మించడం తేలిక, రెండింట్లోనూ గుండె కొట్టుకునేది అలాగే కదా. మా పిల్లలు "సార్, భయంగా ఉంది" అంటే "హుషారొచ్చిందన్నమాట, ఇంకో రెండు గంతులు వెయ్యి" అంటాను. నవ్వుతారు, గంతులు వేస్తారు.

ఇంకో చిత్రమైన చిట్కా ఉంది. జర్మనీలో బెక్‌మాన్ బృందం 2013లో ప్రచురించింది, అందులో ఒక ప్రయోగం షటిల్ సర్వీసు మీదే. కుడిచేతివాటం ఆటగాళ్ళు ఒత్తిడికి ముందు ఎడమ చేత్తో మెత్తని బంతి పిసికితే ఆట అంతగా దిగలేదు. ప్రతి కదలికనీ మాటల్లో విడమరిచే ఎడమ మెదడు జోరు దానివల్ల తగ్గుతుందని వాళ్ళ వివరణ. మా దగ్గర ఇద్దరికి నచ్చింది, మిగతావాళ్ళు నాలుగు రోజులు చేసి మానేశారు. నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు, ఖర్చు లేదు కాబట్టి చూడండి.

ఇప్పుడు కొంచెం కటువుగా చెప్పాలి, ఏమీ అనుకోకండి. మ్యాచిలో మీరు ఎక్కడ కూర్చుంటారు? కొన్నేళ్ళ కిందట అండర్-17 సెలెక్షన్స్‌లో మా అకాడమీ అమ్మాయి ఒకతె ప్రతి పాయింటు తర్వాతా గ్యాలరీ వైపు చూసేది. ఏమిటా అని నేనూ అటు చూశాను. తండ్రి మంచి మనిషి, ఒక్కసారి కూడా అరవలేదు. కానీ పాయింటు పోయినప్పుడల్లా అరచేత్తో మోకాలి మీద నెమ్మదిగా కొట్టుకుంటున్నాడు. ఆ పిల్ల షటిల్ కంటే ఆ చేతినే ఎక్కువ చూస్తోంది. విరామంలో ఆయన దగ్గరికి వెళ్ళి, "బయట టీ బాగుంటుందండీ, రండి" అని లాక్కెళ్ళాను. ఆ మ్యాచి కూడా ఓడిపోయిందిలెండి. ఆయన్ని బయటికి పంపగానే గెలిచిందని చెబితే కథ బాగుండేది. కానీ ఆ రోజు నుంచి ఆయన కోర్టు వెనక, పిల్ల వీపు మాత్రమే కనిపించే చోట కూర్చోవడం మొదలుపెట్టాడు. చూపులు ఆగాయి. ఇంటికి వెళ్ళే దారిలో మ్యాచి గురించి ఆయన మాట్లాడకూడదని కూడా ఒప్పందం చేసుకున్నాం, పిల్ల ఎత్తితేనే.

అలాగే ఇంట్లో "మా అమ్మాయికి ఫినిషింగ్ లేదు" అనే మాట ఎవరూ అనకూడదు, బంధువుల ముందు అసలే వద్దు. మన సింధుకి ఇదే ముద్ర వేశాం కదా. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్, 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, 2018లో కామన్వెల్త్, నాన్‌జింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్, ఆసియా క్రీడలు, అన్నిట్లోనూ రజతమే. ఫైనల్ అంటే భయం అని పేపర్లు రాశాయి, టీకొట్ల దగ్గర మనమూ అన్నాం. గ్లాస్గోలో జపాన్ అమ్మాయి ఒకుహరాతో 110 నిమిషాలు ఆడి 19-21, 22-20, 20-22తో ఓడితే దాన్ని భయం అనడం నాకు ఆ రోజూ నచ్చలేదు. అన్నిసార్లు సెమీఫైనల్ గెలిచిన మనిషికి ఒత్తిడి తట్టుకోవడం రాదా? అదే ఒకుహరాని 2018 డిసెంబరులో వరల్డ్ టూర్ ఫైనల్స్‌లో ఓడించింది, 2019 బాసెల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో 21-7, 21-7తో చిత్తు చేసింది. అంత పెద్ద క్రీడాకారిణి కాబట్టి ఆ ముద్రని మోసింది. పదిహేనేళ్ళ పిల్ల మోయలేదు. నాన్న అన్నాడంటే నిజమే అనుకుంటుంది.

ఒకవేళ మ్యాచికి ముందు రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం, వాంతులు, తిండి మానేయడం, స్కూల్లో కూడా ముభావంగా ఉండటం లాంటివి కనిపిస్తే నేను రాసిందంతా పక్కన పెట్టి డాక్టరుకి చూపించండి. అది కోచ్ పరిధి కాదు.

ముందు ఆ నోటుపుస్తకం రాయండి. సింగిల్స్‌కి ఒకటి, డబుల్స్‌కి ఒకటి విడిగా. డబుల్స్‌లో సర్వీసు చేసేటప్పుడు పార్ట్‌నర్ వెనకే నిలబడి ఉంటుంది కాబట్టి అక్కడే తప్పులు ఎక్కువ వస్తున్నాయేమోనని నా అనుమానం. రాసేటప్పుడు మాత్రం పిల్లకి కనిపించేలా రాయకండి. పది మ్యాచిలు అయ్యాక ఆ పేజీలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.